ఎర్మినియో ముక్కు

నవంబరు 5, బుధవారం

మధ్యాహ్నానికి కాస్టెల్‌బ్రూనో చేరాం. కొండ కింద పొగమంచు, కొండ ఎక్కాక కూడా పొగమంచే. పినూచా తన సత్రంలో మళ్ళీ అదే గది ఇచ్చింది, చర్చి వైపుది. ఎర్మినియో బూట్లయినా విప్పకుండా పడుకుని గుర్రు పెడుతున్నాడు. నేను స్నానాలగదిలో గడియ పెట్టుకుని, చిన్న స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో మొగుడికి కనబడకుండా రాసుకోవలసిన అవసరం ఇప్పుడొచ్చింది.

రెండేళ్ళ కిందట వచ్చిన ఆ జ్వరం, పోతూ పోతూ ఎర్మినియో ముక్కును కూడా పట్టుకుపోయింది. పొయ్యి మీద పాలు మాడినా తెలియదు. చేప పాడైనా తెలియదు. వైను వాసన చూసి, ఏటేటా అచ్చయ్యే వైన్ల గైడులో మార్కులు వేయడమే బతుకుగా బతికిన మనిషి. ఆ మార్కుల్ని బట్టే ఈ కొండల మీద ఎవరి సీసాలు అమ్ముడవుతాయో, ఎవరివి దుమ్ము పడతాయో తేలుతుంది. ముక్కు పోయిందని గైడు వాళ్ళకి చెప్పలేదు. పిల్లలకీ చెప్పలేదు. తెలిసింది డాక్టరుకీ నాకూ మాత్రమే.

అప్పటినుంచీ వాసన చూసేది నేను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఏదో ఒకటి వాగుతాను. గులాబీ తగిలితే మా అమ్మ ఎండబెట్టి దాచుకున్న రేకుల డబ్బా గురించి. తోలు తగిలితే మా నాన్న బూట్ల కొట్టు గురించి. ఎర్మినియో విసుక్కుని, "మారిలేనా, కాస్త నోరాపుతావా" అంటాడు. తరవాత కళ్ళు మూసుకుని, "ఎండు గులాబీ, వెనకాల కొంచెం తోలు" అంటాడు. అందరూ తలలాడిస్తారు. విసుక్కోవడం కూడా మా ఒప్పందంలో భాగమే. మొదట్లో అంతవరకే ఉండేది.

ఇవాళ సామాను దించుతూ పినూచా అడిగింది, "ఏం మదామా, గొంతు బాగుందా? ఈసారి బాగా మాట్లాడాలి మీరు."

ఈ ఊళ్ళో నాకు వాగుడుకాయని పేరు. ఎగతాళి కూడా సత్రం అద్దెలోదే కాబోలు.

నవంబరు 6, గురువారం

పొద్దున్న వంతెన దగ్గరి అన్నదమ్ముల వైను నేలమాళిగకి వెళ్ళాం. మొదటి గ్లాసులో చెర్రీ, కాస్త మాడింది. మా పక్కింటావిడ జామ్ అడుగంటించి గిన్నె నానబెట్టుకున్న సంగతి ఎత్తుకున్నాను. ఎర్మినియో విసుక్కున్నాడు. "చెర్రీ. కోత కొంచెం ఆలస్యమైనట్టుంది," అన్నాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మదామా, మీ పక్కింటావిడ ఇంకేమీ చెయ్యలేదా?" అన్నాడు చిన్నవాడు, పెదవి బిగబట్టుకుని.

నా చెవులు మండిపోయాయి. ఎర్మినియో నవ్వాడు.

భోజనానికి పినూచా సేమియాలా సన్నటి తయారీన్ చేసి, పైన ట్రఫుల్ పుట్టగొడుగు చెక్కింది. గదంతా ఆ వాసనే. ఎర్మినియో, "దివ్యం," అంటూ తిన్నాడు. అతనికి అది ఉప్పేసిన దారాలతో సమానం. అతను తినేటప్పుడు మొహం చూడలేను. ఒకప్పుడు మెట్ల మీదనే ఆగి, "ఇవాళ వెన్నలో సేజ్ ఆకు వేశావు" అని కేకేసేవాడు.

పొయ్యి పక్కన కట్టెలు చూశాను. మందంగా, విల్లులా వంగి, ఒక పక్క నల్లగా ఉన్నాయి.

"ఇవేం కట్టెలు?"

"టెరెసియో పీపాలు. వాళ్ళ తాతల నాటివి. వసంతంలో గొడ్డలి పెట్టి పగలగొట్టాడు," అంది పినూచా. "పోయినేడు దొత్తోరె అన్నారుగా, పీపాలు ముసలివయ్యాయని. గైడులో కూడా వేశారుగా." కళ్ళజోడున్న ప్రతి మగాడూ, మా ఎర్మినియోతో సహా, వీళ్ళకి దొత్తోరే, డాక్టరుగారే. "ఇప్పుడు ద్రాక్షతోట ఉన్న కొండ కూడా అమ్మేస్తాడట. అవతలి లోయ ఇంజనీరు అడుగుతున్నాడు. సాన్ మార్టినో పండగ నాటికి మాట చెప్పాలట."

అంటే మంగళవారానికి. మేం మధ్యాహ్నం తిన్న భోజనం ఆ పీపాల మంట మీదే ఉడికింది.

పోయినేడు టెరెసియో వైను బాగాలేదు. పీపాల తప్పే అయ్యుంటుంది.

నవంబరు 7, శుక్రవారం

పొగమంచు. ఒక్క చోటికే వెళ్ళాం. పోయినేడు టెరెసియో వైను బాగాలేదు. వాసన బయటికి రాకుండా మూసుకుపోయి ఉంది, అంతే.

నవంబరు 8, శనివారం

టెరెసియో దగ్గరికి వెళ్ళాం. తప్పించుకునే దారి లేదు, గైడు వాళ్ళ జాబితాలో ఉంది. మనిషి చిక్కిపోయాడు. ఆరేళ్ళ కిందట భార్య పోయినప్పుడు కూడా ఇంత చిక్కలేదు. నేలమాళిగలో గోడవారగా మూడు పెద్ద పీపాలుండేవి, మనిషికి రెండింతల ఎత్తు. ఆ చోట ఇప్పుడు చిన్న చిన్న కొత్త పీపాలు వరసగా ఉన్నాయి.

"కూర్చోండి దొత్తోరె. మదామా, మీరిటు రండి, ఆ కుర్చీ కాలు బాగాలేదు."

కొత్త పీపాలోంచి తీసి పోశాడు. వడ్రంగి కొట్లోకి వెళ్ళినట్టుంది. ద్రాక్ష ఎక్కడో వెనకాల ఉంది.

"మా చెల్లెలు కొత్త బీరువా కొంది," అన్నాను. "తలుపు తీస్తే చాలు చెక్క వాసన. దాని కోటు కూడా చెక్క వాసనే. చర్చిలో పక్కవాళ్ళు జరిగి కూర్చుంటున్నారట."

ఎర్మినియో విసుక్కున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "చెక్క కొంచెం ముందుకొస్తోంది, టెరెసియో."

"చెక్కే కదండీ మార్చమన్నారు," అన్నాడు టెరెసియో. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఎర్మినియో కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "కొండ అమ్ముతున్నావని విన్నాను."

"ఇంకా చెయ్యి కలపలేదు దొత్తోరె. సాన్ మార్టినో నాడు చెప్తానన్నాను. మా తాత ఈ కొండకొచ్చింది ఆ రోజే, బండి మీద మంచం వేసుకుని, మంచం మీద మా నాయనమ్మని కూర్చోబెట్టుకుని. కౌళ్ళన్నీ ఆ రోజే మారేవి కదండీ. పోతే మేమూ ఆ రోజే పోదామని." గ్లాసులు కడుగుతూ అన్నాడు. "పాత పీపాల వైను ఇంకా కొన్ని సీసాలు మిగిలాయి. మీరు పోయినేడు చూశారే, అదే. సాన్ మార్టినో నాటి ఊరి విందుకి అదే తెస్తాను. ఇంకొక్కసారి చూడండి. బాగుందంటే కొండ అమ్మను. మా మేనమామ కొడుకు దగ్గర అలాంటి పీపాలు రెండున్నాయి, తెచ్చుకుని మళ్ళీ పాత పద్ధతిలోనే చేసుకుంటాను. బాగాలేదంటే, చేతకాని పని పట్టుకు వేలాడడం ఎందుకండీ?"

ఇదంతా చెప్తున్నంతసేపూ నా వంకే చూశాడు. ఎర్మినియో అద్దాలు తుడుచుకుంటున్నాడు కాబట్టి కాబోలు.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. విందులో అందరి ముందూ తేలితే టెరెసియోకి ఇంకా మంచిది కదా. అందుకే చెప్పలేదు.

నవంబరు 9, ఆదివారం

ఎన్నిసార్లు రాసినా నిజం కావడం లేదు. పోయినేడు టెరెసియో వైను బాగుంది.

బాగుందంటే ఏదో ఒక మాదిరిగా కాదు. ఆ వారమంతా తాగినవాటిలో అదే గొప్పది. ఎండు గులాబీ, తడిసిన మట్టి, ఇంకా ఏదో నారింజ తొక్క లాంటిది. గుటక వేశాక కూడా నోట్లో చాలాసేపు నిలిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ గ్లాసుకి ముందు ఏం జరిగిందంటే, టెరెసియో సీసాకి బిరడా తీస్తూ నాతో అన్నాడు, "మదామా, మా సీసాలకున్నట్టు మీ నోటికీ ఒక బిరడా ఉంటే, దొత్తోరెకి ఎంత సుఖమో."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఎర్మినియో. బల్ల మీద చెయ్యేసి కొట్టి మరీ నవ్వాడు. పగలంతా అతని కోసం పిచ్చిదానిలా వాగి వాగి గొంతు బొంగురుపోయి ఉన్నాను. అతను నవ్వాడు.

సరే, ఉంటుంది బిరడా, అనుకున్నాను. గ్లాసు చూశాను, తాగాను, కింద పెట్టాను. నోరు విప్పలేదు. ఎర్మినియో మోకాలు నా మోకాలికి తగిలించాడు, ఒకసారి, మళ్ళీ ఒకసారి. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చివరికి ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు, "వైను మూసుకుపోయింది. పీపాలు ముసలివయ్యాయి, టెరెసియో."

నేను అబద్ధం ఆడలేదు. ఏమీ అనలేదు, అంతే. ఒక్క గ్లాసుకి నోరు మూసుకుంటే ఇంత జరుగుతుందని నాకేం తెలుసు అని రాయబోయాను. చెయ్యి రాలేదు. గైడులో ఆ ముక్క అచ్చయితే ఏమవుతుందో నాకు తెలుసు, అచ్చుప్రతి దిద్దింది నేనే.

నవంబరు 10, సోమవారం

పొద్దున్న ఎర్మినియో కప్పు ఎత్తి అలాగే ఉండిపోయాడు. మొహం వెలిగిపోయింది.

"మారిలేనా, వచ్చింది. కాఫీ వాసన వచ్చింది."

"నిజంగానా?"

"సన్నగా. కానీ వచ్చింది. డాక్టరు చెప్పాడుగా, ఏదో ఒకరోజు దానంతటదే వస్తుందని." నా చెయ్యి పట్టుకున్నాడు. ఏడాదిగా పట్టుకోలేదు. "రేపు విందులో నువ్వు కష్టపడనక్కర్లేదు. పినూచాతో ఆ చివర హాయిగా కూర్చో. నేను చూసుకుంటాను. నీకూ విసుగొచ్చింది కదా ఈ వాగుడు."

అతని రక్తపోటుకి కాఫీ పడదని, పినూచా మేం వచ్చినప్పటినుంచీ అతనికిస్తున్నది వేయించిన బార్లీ. కాఫీ అనుకుని తాగుతున్నాడు. నాకు తెలుసు, వద్దని నేనే చెప్పాను కనుక.

చెప్పలేకపోయాను. ఆ చెయ్యి వదిలించుకోవడం నాకిష్టం లేదు. రేపటి విందులో సీసాలన్నీ పేరు కనబడకుండా మేజోళ్ళు తొడుక్కుని వస్తాయి, ఏది ఎవరిదో ముందు చెప్పి పంపే వీలు కూడా లేదు.

నవంబరు 11, మంగళవారం, సాన్ మార్టినో

పొద్దున్న. నీలం గౌను ఇస్త్రీ చేసుకున్నాను. ఎర్మినియో ఏమన్నా సరే, బల్ల చివరినుంచే గట్టిగా వాగుతాను. ఇవాళ సరిదిద్దుతాను.

నవంబరు 12, బుధవారం, తురీను

ఇంట్లో ఉన్నాను. ఎర్మినియో తన గదిలో కూనిరాగం తీసుకుంటున్నాడు. నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను. రాయకపోతే నాలుగు రోజుల్లో ఇంకో మాదిరిగా గుర్తుంచుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

విందు పన్నెండింటికి మొదలైంది. పదకొండు మంది తోటలవాళ్ళు, పినూచా, మేమిద్దరం. ఎవరి సీసాకి వాళ్ళు ఇంటినుంచే ఉన్ని మేజోడు తొడిగి తెచ్చారు. ఎర్రవి, గళ్ళవి, మడమ చిరిగినది ఒకటి. "ఇది ఉతికావా లేదా?" "వైనుకి రుచి రావాలని ఉతకలేదు." ప్రతి ఏడూ ఇవే మాటలు, ప్రతి ఏడూ నవ్వుతారు. ఈ విందులో ఒక కట్టుబాటుంది. అతిథి నోరు తెరిచేదాకా సీసా తెచ్చినవాడు మాట్లాడకూడదు, మొహంలో కూడా ఏమీ చూపించకూడదు. మాట్లాడితే జవాబు అందించినట్టవుతుంది.

నేను ఆ చివర పినూచా పక్కన కూర్చున్నాను. ఎర్మినియో ఈ చివర, బల్లకి తలవైపున. మొదటి మూడు సీసాలకి అతను "హుందాగా ఉంది", "తొందరపడకూడదు" లాంటి ఎవరికైనా అతికే మాటలన్నాడు. నేనూ దూరంనుంచే రేగుపళ్ళనీ సోంపనీ ఏవో కేకలు పెట్టాను, ఒకటి రెండు అందుకున్నాడు కూడా.

నాలుగోది బూడిదరంగు మేజోడు. గ్లాసుల్లో పోశారు. నేను ఎత్తకముందే తెలిసింది. తడిసిన అట్టపెట్టె, మూసేసిన గది. బిరడా పాడైంది. వైను తప్పు కాదు, చేసినవాడి తప్పూ కాదు, ఎంత గొప్ప సీసాకైనా పట్టే దరిద్రం. ఇలాంటప్పుడు అతిథి "బిరడా" అని ఒక్క మాట అంటే చాలు. సీసా పక్కకి తీసేస్తారు, అదే వైనుది ఇంకోటి తెరుస్తారు, ఎవరికీ నామోషీ ఉండదు.

బల్ల మీద మాటలు ఆగిపోయాయి. వాసన అందరికీ తెలిసింది, ఈ పని మీద బతికేవాళ్ళు. టెరెసియో మొహంలో నెత్తురు లేదు. కట్టుబాటు ప్రకారం కళ్ళు దించుకుని కూర్చున్నాడు, కాబట్టి ఆ సీసా అతనిదేనని నాకు అర్థమైంది.

అప్పుడు వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఎర్మినియో వైపు కాదు, నా వైపు. టెరెసియో తప్ప మిగిలిన పది మందీ. పినూచా బల్ల కింద నా చెయ్యి నొక్కింది.

తెలుసు వీళ్ళకి. ఎప్పటినుంచో తెలుసు. నా పక్కింటావిడ గురించి, మా చెల్లెలి బీరువా గురించి అడిగింది ఎగతాళికి కాదు. వాళ్ళకి కావలసింది ఎర్మినియో మాట కాదు, నా వాగుడు.

తడిసిన పేపర్ల సంగతి ఒకటి నోటిదాకా వచ్చింది. ఎర్మినియో కూడా నన్ను చూశాడు. అందరూ ఎటు చూస్తున్నారో అతనూ గమనించాడు. ముక్కు గ్లాసులో పెట్టి తీసి మళ్ళీ పెట్టాడు. ఏమీ రాలేదని నాకు తెలిసిపోయింది, భయపడినప్పుడు అతని ఎడమ కన్ను అదురుతుంది. నా వంక చూస్తూ తల అడ్డంగా ఊపాడు. చాలా కొద్దిగా. వద్దని.

అంతమంది నా నోటికేసి చూస్తుండగా నేను మాట్లాడితే, నా మొగుడి బట్టలు నేనే ఊడదీసినట్టు. నోరు మూసుకున్నాను.

"ఎండు గులాబీ," అన్నాడు ఎర్మినియో. గొంతు ఖంగుమంది. "గులాబీ, తడి నేల. ఇవాళ ఈ బల్ల మీద దీన్ని మించింది లేదు. ఎవరిదో గానీ, దణ్ణం పెట్టాలి."

తరవాత అన్నదమ్ముల్లో పెద్దవాడు గ్లాసెత్తి తాగాడు. చిన్నవాడు తాగాడు. ఒకరి తరవాత ఒకరు ఆ కుళ్ళిన వైను గుక్కెడు గుక్కెడు తాగేశారు, ఇంటికొచ్చిన అతిథి చిన్నబోకూడదని. పినూచా కూడా తాగింది. నేనూ తాగాను.

టెరెసియో లేచి సీసా మేజోడు లాగాడు. "మీ దయ, దొత్తోరె," అని కూర్చున్నాడు. ఎర్మినియో చప్పట్లు కొట్టాడు.

కాఫీల వేళకి అవతలి లోయ ఇంజనీరు వచ్చాడు. టెరెసియో లేచి అతని దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి కలిపాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఈ కొండల్లో చెయ్యి కలిపాక ఇంక కాగితం ఉత్త లాంఛనం.

కోటు కోసం వసారాలోకి వెళ్తే అక్కడ ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని.

"రెండో సీసా కుర్చీ కిందే పెట్టుకున్నాను మదామా," అన్నాడు. "మీరు ఒక్క మాటంటే తెరుద్దామని."

"చెప్పవలసింది," అన్నాను.

"ఎలా చెప్తామండీ, ఆయన అంత మెచ్చుకున్నాక. ఇంక మొహం ఎక్కడ పెట్టుకుంటాడు పెద్దమనిషి." టోపీ తిప్పాడు. "పోనివ్వండి, అయిపోయింది. ఒక్కటి అడుగుతాను. పోయినేడు కూడా మీరు మాట్లాడలేదు. అన్ని సీసాలకీ మాట్లాడారు, నాదానికి తప్ప. అంత చెడ్డగా ఉందా?"

"దొత్తోరె చెప్పారు కదా, పీపాలని..." అన్నాను. ఇంకా దాక్కోవాలనే చూశాను. ఆ సంగతి కూడా రాస్తున్నాను.

"దొత్తోరె మాటకి మా తాత పీపాలు పగలగొడతానా అండీ?" అన్నాడు టెరెసియో. "ఆయనకి ముక్కు లేదని ఇక్కడ గొడ్లకి కూడా తెలుసు. మీరు మాట్లాడలేదని పగలగొట్టాను. ఈవిడకి కూడా అనడానికి నోరు రాలేదంటే ఎంత పాడు చేశానో అనుకున్నాను. ఏడాదంతా అదే ఆలోచన. ఏం తప్పు చేశానా అని."

"బాగుంది," అన్నాను. "ఆ వారంలో అదే అన్నిటికంటే బాగుంది. నా నోటికి బిరడా ఉంటే బాగుండునని మీరు అందరిలో అన్నారు. అందుకని చెప్పలేదు."

టోపీ తిప్పడం ఆపాడు. గుర్తు తెచ్చుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"నేనన్నానా?" అన్నాడు చివరికి. "గుర్తులేదండీ." టోపీ పెట్టుకున్నాడు. "అని ఉంటే తప్పే. ఏమీ అనుకోకండి."

నాకే క్షమాపణ చెప్పి, వాకిట్లో నిలబడ్డ ఇంజనీరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో ఎర్మినియో కారు నడుపుతూ మంచి హుషారుగా ఉన్నాడు. "చూశావా, ఆ నాలుగోదానికి నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. ఎంత బాగా కుదిరిందో. గులాబీ నిజంగానే వచ్చింది, మారిలేనా."

"టెరెసియో కొండ అమ్మేశాడు," అన్నాను.

"అంత మెచ్చుకున్నాక కూడానా?" అన్నాడు. కారు అద్దం చేత్తో తుడిచాడు. "వీళ్ళకి ఏం చెప్పినా ఇంతే."

తురీను చేరేదాకా నేను మాట్లాడలేదు.